కలిసి అప్పు తెచ్చారు, కానీ వాయిదాల్లో ఇచ్చారు

2020 జులై 17న, శుక్రవారం బ్రస్సెల్స్‌లో కూర్చున్న యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల నాయకులు లేచింది మంగళవారం తెల్లవారుజామునే. కరోనా దెబ్బకి ఇటలీ, స్పెయిన్ కుదేలయ్యాయి, అందరం కలిసి అప్పు తెచ్చి పంచుకుందాం అని అప్పటి జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ అంతకు ముందే మే నెలలో అన్నారు. అప్పటిదాకా ఉమ్మడి అప్పు మాటెత్తితేనే జర్మనీ ససేమిరా అనేది! ఈసారి నెదర్లాండ్స్, ఆస్ట్రియా, డెన్మార్క్, స్వీడన్ అడ్డం తిరిగాయి. ఊరికే ఎందుకివ్వాలి, అప్పుగా ఇద్దాం అని వాళ్ల వాదన.

బేరం చివరికి 750 బిలియన్ యూరోల దగ్గర తెగింది. తిరిగి కట్టక్కర్లేని సాయం మొదట అనుకున్న 500 నుంచి 390 బిలియన్లకు దిగింది, మిగతా 360 అప్పు. అడ్డం తిరిగిన నలుగురికీ యూరోపియన్ బడ్జెట్‌కు కట్టే వాటాలో రాయితీ పెంచారు. అలిగినోళ్లకి ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పంపకాలు ఎక్కడ తెగుతాయి లెండి.

నాకు నచ్చింది మాత్రం వాయిదాల పద్ధతి. ఏ దేశం ఏ సంస్కరణ ఎప్పటికి చేస్తుందో ముందే రాసివ్వాలి, చేసినట్టు తేలితేనే తర్వాతి వాయిదా పడుతుంది. కర్నూలులో ఉండేవాణ్ణి కాబట్టి ఇది చదవగానే శ్రీబాగ్ ఒప్పందమే గుర్తొచ్చింది. 1937లో మద్రాసులో కోస్తా, సీమ పెద్దలు కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకే మొదటి ప్రాధాన్యం అని రాసుకున్నారు గానీ, అలా జరక్కపోతే ఎవరిని పట్టుకుని అడగాలో రాసుకోలేదు. రాజధాని 1953లో మా ఊరికి వచ్చి మూడేళ్లకే హైదరాబాదు వెళ్లిపోయింది, నీళ్ల గొడవ మాత్రం ఇక్కడే ఉంది.

స్పెయిన్‌నే చూడండి. అక్కడ 2021 దాకా దాదాపు నాలుగింట ఒకరిది తాత్కాలిక ఉద్యోగమే. ఇక్కడ ఔట్‌సోర్సింగ్‌లో చేస్తూ ఏటా రెన్యువల్ టెన్షన్ పడేవాళ్లకి ఆ బతుకు ఎలాంటిదో చెప్పక్కర్లేదు. కార్మిక సంఘాలు, యజమానులు, ప్రభుత్వం కూర్చుని 2021 డిసెంబర్‌లో తాత్కాలిక కాంట్రాక్టులకు కళ్లెం వేశారు, ఎందుకంటే రాసిచ్చిన గడువులోగా అది చేస్తేనే తర్వాతి వాయిదా డబ్బు వచ్చేది. పార్లమెంటులో అది 175-174తో గట్టెక్కింది, అదీ ఒక ప్రతిపక్ష సభ్యుడు పొరపాటున వేరే ఓటు నొక్కబట్టి!

అలాగని అంతా సాఫీగా లేదు. కోర్టుల స్వతంత్రత, అవినీతి విషయంలో చెప్పింది చేయలేదని హంగరీకి డబ్బు ఆపేశారు. తెచ్చిన అప్పు 2058 దాకా తీర్చాలి, అది ఏ ఆదాయంలోంచి కట్టాలన్నదాని మీద మళ్లీ అదే బేరం నడుస్తోంది.