అరిటాకు పొట్లాలతో కోరింగకి

సెలవు దొరికితే మా ఇంటిల్లిపాదీ కోరింగ మడ అడవికే. చెక్కదారి మీద నడుస్తూ, బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేర్ల దగ్గర చిన్నది ఆగిపోతుంది. అవి గాలి పీల్చే వేర్లు! ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టే పైకొస్తాయి. తుఫాను అలల జోరుని తీరం మీద తగ్గించేవీ ఈ చెట్లే.

పులిహోర అరిటాకుల్లో కడతాను. ప్లాస్టిక్ సంచి ఒక్కటీ రానివ్వను. తిన్నాక ఆ ఆకులు మా కొబ్బరిచెట్ల పాదుల్లోకి.

ఇంటికొచ్చాక సున్నిపిండి, కుంకుడురసం. కాయల్ని కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టాలి. నురగ సరిగ్గా రాకపోతే అత్తయ్యగారు ఒప్పుకోరు. ఇక కొబ్బరినూనె, మా దొడ్లో కాయలదే. తురుముని పిండి పాలు తీసి, సన్నసెగ మీద నూనె తేలేదాకా కాచాలి. ఎంత కమ్మటి వాసనో! అడుగున మిగిలిన ఎర్రటి మడ్డిలో బెల్లం కలిపి పిల్లలకి పెడతాను.