ముక్కనుమ కబుర్లు

ఈ 2021 సంక్రాంతికి ఊరొచ్చాం, కరోనా మాస్కులతో సహా. భోగి మంట దగ్గర అందరూ బుద్ధిగా దూరం దూరంగా నిలబడ్డారు. ఓ పావుగంట. తర్వాత ఎవరి మాస్కు ఎవరి గడ్డం కిందుందో దేవుడికే ఎరుక. పాత చీపుళ్లతో పాటు 2020 క్యాలెండర్‌నీ మంటలో పడేసి "పీడా పోయింది" అంది పిన్ని.

గంగిరెద్దుల ఆయన ఈసారి గుమ్మం దాకా రాలేదు. వాకిట్లోనే ఆగి, మాస్కు తీసి బసవన్న కొమ్ముకి తగిలించి, సన్నాయి ఊది, మళ్లీ పెట్టుకున్నాడు. ఎద్దు మాత్రం యథాప్రకారం తలూపింది.

కేరళతో పాటు ఇంకొన్ని రాష్ట్రాల్లో బర్డ్ ఫ్లూ అనేసరికి మా నాన్న చికెన్ వద్దన్నాడు. ముక్కనుమ పూట ఆ మాటంటే ఎలా! పొద్దున్నే మటన్ కొట్టు ముందు జాతర. బరుల దగ్గర జనం మాత్రం ఏం తగ్గలేదు. పందెం కోడికి ఏ ఫ్లూ రాదు కాబోలు.

ఇవాళే, జనవరి 16న, దేశమంతా కరోనా టీకా మొదలైంది. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో మొదటి సూది పారిశుద్ధ్య కార్మికురాలికి వేశారు. టీవీలో చూసి ఎందుకో గొంతు పట్టేసింది. ఏడాదంతా ఆ వార్డులు ఊడ్చింది వాళ్లే కదా.

మా వదిన నర్సు, తన పేరూ జాబితాలో ఉంది. ఏ చేతికి వేయించుకోవాలన్నది ఇప్పుడు ఇంట్లో పెద్ద చర్చ. అత్త మాత్రం ఎడమ చేతికే అని తేల్చేసింది, అరిసెల పిండి ఇంకా మిగిలుందట.