డిసెంబర్ 31 కింద ఒక గడి

2019 ఏప్రిల్‌లో నా బరువు 49 కిలోలు, జులైకి 41. సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, ఎంతకీ తగ్గని దగ్గు. ఒక డాక్టరు నెల రోజులు దగ్గు మందే తాగించారు. తెమడలో రక్తపు చార కనిపించిన రోజు తాతయ్య నన్ను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి తెమడ పరీక్ష చేయించారు. టీబీ అని తేలింది.

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. పటాలానికి వెళ్లినవాళ్లు ఎక్కువని మిలటరీ మాధవరం అంటారు. అలాంటి ఊళ్లో కూడా టీబీ పేరు గొంతు తగ్గించే పలుకుతారు. "పెళ్లి కావాల్సిన పిల్ల, ఎక్కడా అనకండి" అంటూ నానమ్మ నాకొక కంచం, గ్లాసు విడిగా పెట్టింది. తాతయ్య ఆ రాత్రే వాటిని తీసుకెళ్లి మిగతా గిన్నెల్లో కలిపేశారు. "ఇది దగ్గినప్పుడు గాల్లో వస్తుందే, కంచంలో కాదు. డాక్టరుగారు చెప్పలేదూ?" అన్నారు. నాకు మాస్కు పెట్టించి, మంచం గాలి ఆడే వరండాలోకి మార్చారు. ఆ కంచం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి.

ఆయన సైన్యంలోని ఇంజనీరింగ్ దళం మద్రాస్ సాపర్స్‌లో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. నా జబ్బుని కూడా డ్యూటీలాగే తీసుకున్నారు. జులై 15న మొదటి డోసు. రోజూ పొద్దున్నే పరగడుపున మూడు మాత్రలు, పక్కన చెంబుతో నీళ్లు, గోడమీద క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో ఒక గీత. మొత్తం 168 రోజులు. మొదటిసారి మూత్రం నారింజ రంగులో వచ్చినప్పుడు నేను ఏడ్చేశాను. "ఆ మందు రంగే అంత అమ్మడూ, పని చేస్తోందన్నమాట" అన్నారు. వాంతి వచ్చేలా ఉంటే నా వీపు నిమురుతూ కూర్చునేవారు.

రెండు నెలలకి తెమడలో క్రిములు లేవన్నారు. ఆకలి వేసింది, దగ్గు పోయింది. దసరా వెళ్లాక, ఆయన నీళ్లు తెచ్చేలోగా మాత్రలు గుప్పిట్లో దాచి మందారం కుండీలో పడేశాను. అలా మూడు రోజులు. నాలుగో రోజు కుండీకి నీళ్లు పోస్తూ ఆయనే చూశారు.

తిట్టలేదు. నా మంచం పక్కన కూర్చుని, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పారు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో ఆయన షకర్‌గఢ్ వైపు, బసంతర్ నది దగ్గర ఉన్నారట. ట్యాంకులు దాటడానికి రాత్రిళ్లు బోర్లా పడుకుని, నేలని అంగుళం అంగుళం తడుముతూ మందుపాతరలు తీసి దారి చేసేవారట. "డిసెంబర్ 17న కాల్పులు ఆగాయమ్మా. అందరూ స్వీట్లు పంచుకున్నారు. మా పని మాత్రం ఆగలేదు. రైతులు మళ్లీ పొలంలో కాలు పెట్టాలంటే మేం పెట్టినవన్నీ మేమే తియ్యాలి. ఒక్కటి మిగిలినా ఆ పొలం పొలం కాదు."

అంతే చెప్పి లేచి, నీళ్లు తెచ్చారు. ఆ మాత్రలు మింగేటప్పుడు నేను ఆయన మొహంలోకి చూడలేకపోయాను. మర్నాడు ఇద్దరం ఆసుపత్రికి వెళ్లి జరిగింది చెప్పాం. తప్పిన మూడు డోసులూ చివర్లో వేసుకోవాలన్నారు.

కోర్సు పూర్తయ్యేసరికి నేను 52 కిలోలు. ఎక్స్‌రే బాగుందన్నారు. ఆసుపత్రి మెట్లు దిగుతూ తాతయ్య నా చెయ్యి పట్టుకోలేదు, నన్నే ముందు నడవమన్నారు.

నిరుడు మాఘమాసంలో తాతయ్య నిద్రలోనే పోయారు. పెద్దకర్మ అయ్యాక నాన్న నల్ల ట్రంకుపెట్టె తెరిస్తే డిశ్చార్జి కాగితాల కింద ఆ 2019 క్యాలెండర్ ఉంది. జులై నుంచి వరుసగా ఎర్ర గీతలు. అక్టోబర్‌లో మూడు గడుల్లో మాత్రం కొట్టేసిన గీతలు. డిసెంబర్ 31 కింద ఖాళీలో స్కేలు పెట్టి గీసిన ఒక గడి, అందులో ఆయన చేతిరాతతో "జనవరి 1", దానిమీద ఆఖరి గీత.