బ్లౌమానిస్ రాసిన ఇద్దరు వితంతువులు

లాత్వియాలో ప్రతి వేసవిలో యానీ పండగ (నడివేసవి పండగ) దగ్గర పడుతుండగా ఏదో ఒక ఊళ్ళో తప్పకుండా ఆడే నాటకం ఒకటుంది, ‘స్క్రోదెర్దియెనాస్ సిల్మాచోస్’. సిల్మాచి అనే కమతంలో దర్జీలు దిగి పెళ్ళి బట్టలు కుడుతున్న రోజుల కథ. 1902లో వచ్చింది, ఇప్పటికీ జనం విరగబడి చూస్తారు, పాటలు నోటికొచ్చు. రాసినాయన రూడోల్ఫ్స్ బ్లౌమానిస్. ఆయన పేరు చెప్పగానే చాలామందికి ఈ కామెడీ ఒక్కటే గుర్తుకు రావడం నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆయన అసలు బలం పెద్దకథల్లో ఉంది.

నాటకంలో ఆంటోనియా అని, కమతానికి యజమానురాలు, వితంతువు. తనకంటే బాగా చిన్నవాడైన అలెక్సిస్‌ని పెళ్ళాడబోతుంది. అతని మనసేమో ఎలీనా మీద ఉంటుంది. చివరికి పండగ రాత్రి అన్నీ సర్దుకుంటాయి, అలెక్సిస్‌కి ఎలీనా దక్కుతుంది, ఆంటోనియా తన పాత ప్రేమికుణ్ణి, అంటే ఎలీనా వాళ్ళ నాన్ననే చేసుకుంటుంది. అందరూ నవ్వుకుంటూ ఇంటికెళ్తారు.

కానీ ఇదే ముడిసరుకుతో ఆయన 1889లోనే ఇంకో కథ రాశాడు, ‘రౌదుపియెటె’. ఇక్కడా వితంతువే, ఇక్కడా ఆమె చేతిలో కమతం ఉంది, ఇక్కడా వయసులో ఉన్న ఒక మగాడి మీద మనసు పడుతుంది. తేడా అల్లా ఆమెకో అవిటి కొడుకున్నాడు. పిల్లాడు అడ్డం లేకపోతే అతను తనవాడవుతాడన్న ఆశ ఆమెలో బలపడుతుంది. పిల్లాడు నీళ్ళలో పడతాడు, తల్లి కాపాడదు. అతను మాత్రం ఆమెకు దక్కడు. ఇంత ఘోరం రాస్తున్నప్పుడు కూడా బ్లౌమానిస్ గొంతు పెంచడు, ఆమెని రాక్షసి అనడు, పాపం అని జాలీ కురిపించడు. ఆమె ఎంత ఒంటరిదో మనకి ముందే తెలిసిపోయి ఉంటుంది కాబట్టి అసహ్యించుకుని పుస్తకం మూసేసే వీలుండదు, అదే నాకు ఊపిరాడనివ్వదు.

ఆయనకి ఈ చూపు ఎక్కణ్ణించి వచ్చిందంటే నాకు తోచేది ఒకటే. 1863లో విద్జెమె ప్రాంతంలో, ఏర్గ్లి దగ్గర పుట్టాడు. తండ్రి, అప్పట్లో అక్కడి భూములకి యజమానులైన జర్మన్ దొరల దివాణంలో వంటవాడు, తల్లి పనిమనిషి. తర్వాత కుటుంబం బ్రాకి అనే కమతానికి మారింది (అది ఇప్పుడు ఆయన మ్యూజియం). రీగాలో జర్మన్ కామర్స్ స్కూల్లో చదివి, మొదట్లో జర్మన్‌లోనే రాశాడు. అంటే దివాణాన్నీ, కమతాన్నీ, పట్నాన్నీ లోపలినుంచే చూసినవాడు. అక్కడ 1819లో రైతులకి వెట్టినుంచి విముక్తి అయితే వచ్చింది గానీ భూమి దొరల దగ్గరే ఉండిపోయింది, కొనుక్కోవడం శతాబ్దం సగం గడిచాక గానీ ఊపందుకోలేదు. అందుకే ఆయన కథల్లో ఎవరు ఎవర్ని పెళ్ళాడాలన్నది ప్రేమతో పాటు భూమి కూడా తేలుస్తుంది. ‘సల్నా పవసరీ’లో (1898) లియెనా, పాలేరు ఆంద్ర్స్ ఒకరినొకరు ఇష్టపడుతుంటారు, ఇంతలో డబ్బున్న ముసలి రైతు ఒకడు ఆమెని అడుగుతాడు. లియెనా ఆ ముసలాడికే సరే అంటుంది. ఆమె తప్పు చేసిందని మాత్రం రచయిత ఎక్కడా అనడు.

1904 నాటి ‘ఇంద్రానీ’ నాటకంలోనూ అంతే. కమతం కొడుకు చేతికొస్తుంది, వాడు ముసలి తండ్రి ప్రాణంగా చూసుకునే చెట్లు నరికించేస్తాడు. చదువుతుంటే కొడుకు మీద ఒళ్ళు మండిపోతుంది. కానీ ముసలాయన మొండితనం కూడా బ్లౌమానిస్ దాచడు, ఆ ఇంట్లో కోడలిగా ఉండటం ఎంత కష్టమో కూడా కనిపిస్తూనే ఉంటుంది.

పత్రికల్లో పనిచేస్తూ, డబ్బుకి ఇబ్బంది పడుతూ రాసినవే ఇవన్నీ. క్షయ వచ్చింది. 1908 సెప్టెంబర్‌లో ఫిన్లాండ్‌లోని ఒక శానిటోరియంలో పోయాడు, నలభై అయిదేళ్ళకే. సమాధి ఏర్గ్లిలో ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే ‘రౌదుపియెటె’ ముందు వద్దంటాను. 1899లో రాసిన ‘నావెస్ ఏనా’ చదవండి, ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. చేపలు పట్టడానికి వెళ్ళిన జాలర్ల కింద మంచు విరిగి, ఆ పలక మీదే వాళ్ళు సముద్రంలోకి కొట్టుకుపోతారు. ఆకలి, చలి, కింద పలక ఎంతసేపు నిలుస్తుందో తెలియదు. ఎట్టకేలకు ఒక పడవ కనిపిస్తుంది, అందులో అందరికీ చోటుండదు. అక్కడినుంచి ఎవరు ఎవరితో ఎలా ప్రవర్తించారో నేను చెప్పను, ఆ చివరి పేజీలు మాత్రం దయచేసి హడావిడిగా చదవకండి.