లఘువైతే నాలుగు, గురువైతే మూడు

మన తెలుగు శాఖలో ఎం.ఏ. రెండో ఏడాది ఎంచుకునే ప్రత్యేకాంశాల్లో ద్విపద అనే ఛందస్సుకు ‘తేలిక పేపరు’ అని పేరు. పేరు చూసి చేరినవాళ్లే ఎక్కువ. రెండే పాదాలు, పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం, పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన యతిస్థానం మూడో గణం మొదటి అక్షరం, రెండు పాదాల్లోనూ ఒకే హల్లు రావాల్సిన ప్రాస పాదం రెండో అక్షరం. లక్షణం ఇంతే. నిజానికి ద్విపదలో తప్పు చేయడం కాదు కష్టం, చేసిన తప్పును పట్టుకోవడం కష్టం.

ముందు గణాల, అంటే లఘుగురువుల గుంపుల సంగతి. హ్రస్వాక్షరం లఘువు (I), దానికి ఒక మాత్ర. దీర్ఘం, నిండుసున్న ఉన్నది, సంయుక్తానికి ముందున్నది లాంటివి గురువులు (U), వాటికి రెండేసి మాత్రలు. ఇంద్రగణాలు ఆరు: నల (IIII), నగ (IIIU), సల (IIUI), భ (UII), ర (UIU), త (UUI). సూర్యగణాలు రెండు: న (III), హ (UI). వీటిని వల్లె వేసి పాదం మీద ఊరికే ప్రయోగించబోతే ఎక్కడ కోయాలో తెలియదు. ఆ ఆరింటినీ పక్కపక్కన రాసుకుని చూడండి. లఘువుతో మొదలయ్యేవి నల, నగ, సల. మూడూ నాలుగక్షరాలవే. గురువుతో మొదలయ్యేవి భ, ర, త. మూడూ మూడక్షరాలవే. కాబట్టి ఎడమ నుంచి వస్తూ, లఘువు తగిలితే నాలుగక్షరాలు, గురువు తగిలితే మూడక్షరాలు కోసుకుంటూ పోవాలి. మూడు కోతలయ్యాక మిగిలేది మూడు లఘువులో, ఒక గురువూ ఒక లఘువో అయి ఉండాలి. ఏ గణమైనా ‘లఘువు, గురువు’ అని మొదలైనా, మూడూ గురువులే వచ్చినా, అక్కడో అంతకు ముందో గురులఘువులు తప్పుగా గుర్తించారన్నమాట. పాదం మొత్తం 15 నుంచి 18 మాత్రల లోపే ఉంటుంది. ఇది రెండో తనిఖీ.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో తన భాషను గురించి చెప్పుకున్న ద్విపదలనే తీసుకుందాం.

ఉరుతర గద్యపద్యోక్తులకంటె
సరసమై పరఁగిన జానుఁ దెనుంగు
చర్చింపఁగా సర్వసామాన్యమగుటఁ
గూర్చెద ద్విపదలు కోర్కి దైవార

మొదటి పాదం ఉరుతర, గద్యప, ద్యోక్తుల, కంటె అని తెగుతుంది. నల, ర, భ, హ. మాట ఆగిన చోట గణం ఆగదని ఇక్కడే తెలుస్తుంది. ‘గద్య’ దగ్గర ఆపినవాడు పాదమంతా పోగొట్టుకుంటాడు. యతి చూడబోతే ‘ఉ’కు ‘ద్యో’ కనిపిస్తుంది. దకారానికీ ఉకారానికీ మైత్రి ఏమిటని యతిభంగం రాసేయడం పరీక్షల్లో మామూలు. పద్య, ఉక్తులు కలిసి పద్యోక్తులయ్యాయి. సంధిలో దాగిన ఉకారంతోనే యతి. పాదం అచ్చుతో మొదలైతే యతిస్థానంలో ముందు సంధి విడదీసి చూడాలి, తర్వాతే తీర్పు.

రెండో పాదంలో ‘స’కు ‘జా’, మూడో పాదంలో ‘చ’కు ‘సా’. రెండూ చ, జ, శ, ష, సల మధ్య చెల్లే సరసయతులే. నాలుగో పాదంలో ‘గూ’కు ‘కో’. హల్లులు ఒకే వర్గానివి, ఊకారానికీ ఓకారానికీ మైత్రి ఉంది. హల్లు ఒక్కటీ సరిచూసి అచ్చును వదిలేసేవాళ్లకు సగం మార్కులే.

అసలు ప్రమాదం అరసున్న (ఁ)తో. నిండుసున్నలా అది అక్షరాన్ని గురువు చేయదు. ‘పరఁగిన’ను నిండుసున్నతో ‘పరంగిన’ అని చదివితే గణం లఘువు, గురువుతో మొదలవుతుంది, వెంటనే అనుమానం వస్తుంది. ‘చర్చింపఁగా’లోనూ అంతే, మూడు గురువులు వరుసగా పడతాయి. అదే ‘జానుఁ దె’ను ‘జానుం దె’ అని చదివారనుకోండి. భగణం కావలసినది తగణమవుతుంది. తగణం కూడా ఇంద్రగణమే కాబట్టి లెక్క చక్కగా సరిపోతుంది, తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. ‘గూర్చెద ద్విపదలు’ దగ్గరా ఇదే గొడవ. తర్వాతి మాట ‘ద్వి’ అనే సంయుక్తంతో మొదలైంది కనుక ‘ద’ గురువనుకుంటే రగణం, కాదనుకుంటే భగణం. ఇది సమాసం కాదు, విడి మాటలు. కాబట్టి ‘ద’ లఘువే, గణం భగణమే. గణాల లెక్క ఇక్కడ సాయం చేయదు, వ్యాకరణం తెలిసి ఉండాలి. చౌక ముద్రణల్లో అరసున్నలను తీసేస్తారు. గణవిభజన వరకు అది మేలే, భాషా చరిత్రకు మాత్రం నష్టం.

ప్రాస కుదరలేదని తొందరపడి మంజరి అనేయకూడదు. ప్రాస నియమం లేని ద్విపదే మంజరి, నిజమే. కానీ ఒక జంటను చూసి నిర్ణయించలేం, కనీసం పది జంటలు చూడాలి. ల, ళలకు ప్రాస చెల్లుతుంది, అది తెలియక చాలామంది బోల్తాపడతారు. ప్రాసాక్షరం ముందు సున్న ఉంటే రెండో పాదంలోనూ ఉండాలి. పై పద్యంలో ‘చర్చిం’, ‘గూర్చె’లలాగా సంయుక్తమైతే అదే సంయుక్తం రావాలి. మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే రెండోదానిలోనూ గురువే. మంజరి చూడాలంటే శ్రీనాథుడి పేరుతో ఉన్న పల్నాటి వీరచరిత్ర, తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణం తీయండి.

చదివే వరుస కూడా ముఖ్యమే. చాలామంది రంగనాథ రామాయణంతో మొదలుపెడతారు, కథ తెలిసిందే కదా అని. కథ తెలిసినప్పుడు కన్ను పరుగెడుతుంది, పాదం చెవిన పడదు. ముందు బసవపురాణం, తర్వాత గౌరన హరిశ్చంద్రోపాఖ్యానం, ఆ తర్వాత తాళ్లపాక చిన్నన్న. ‘చిన్నన్న ద్విపద కెఱఁగును’ అని చాటువు ఊరికే పుట్టలేదు. రోజుకు ఇరవై జంటలు చాలు. పది పెన్సిలుతో, పది పైకి చదువుతూ. పైకి చదివేటప్పుడు మూడో గణం మొదట్లో గొంతు కాస్త ఒత్తాలి. అక్కడ ఒత్తు అతకకపోతే యతి దగ్గరో కోత దగ్గరో ఏదో తేడా ఉందని పెన్సిలు కంటే ముందు చెవికే తెలుస్తుంది.

చివరి యూనిట్‌లో తరువోజ అనే మరో ఛందస్సు వస్తుంది. రెండు ద్విపద పాదాలు కలిపితే ఒక తరువోజ పాదమని నోట్సుల్లో ఉంటుంది, అది సగం మాటే. ఎనిమిది గణాల ఆ పాదంలో 3, 5, 7 గణాల మొదటి అక్షరాలు మూడూ పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి. ఏ రెండు ద్విపద పాదాలో పట్టుకొచ్చి అతికిస్తే అయిదో గణం దగ్గర యతి తప్పుతుంది. అద్దంకిలో దొరికిన క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనంలో ఉన్నది తరువోజే. దాన్ని పలక మీద గణాలుగా విడగొట్టి, ప్రతి పాదంలో మూడు యతులూ గుర్తించాకే ఆ యూనిట్ ముగించండి.