ఏప్రిల్‌లో చంద్రశిల, ఒంటరిగా

ఒక్క రోజులో ఎక్కి దిగగల హిమాలయ శిఖరం ఏదైనా ఉందా అని వెతికితే నా మనసు చంద్రశిల దగ్గర ఆగింది. ఉత్తరాఖండ్‌లోని రుద్రప్రయాగ జిల్లాలో, ఊఖీమఠ్‌కు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో చోప్తా ఉంది. అక్కడి నుంచి తుంగనాథ్ గుడికి మూడున్నర కిలోమీటర్లు, గుడి నుంచి శిఖరానికి మరో కిలోమీటరున్నర. వినడానికి చిన్న నడకే. కానీ ఏప్రిల్ మొదట్లో పైన ఇంకా మంచు ఉంటుంది. ఆ మంచు ఏ గంటకు ఎలా ఉంటుందో తెలుసుకుని బయల్దేరాలి.

రాత్రి చలికి మంచు పైపొర గడ్డకట్టి మనిషి బరువును మోస్తుంది. ఎండెక్కితే అదే పొర మెత్తబడి కాలు మోకాలిదాకా దిగిపోతుంది. పైగా మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముకుంటాయి. అందుకే తెల్లవారుజామున నాలుగింటికే హెడ్‌ల్యాంప్ పెట్టుకుని బయల్దేరాను. పన్నెండింటికల్లా వచ్చేస్తానని, రెండు దాటితే ఎవరినైనా పంపమని లాడ్జి ఆయనకు ముందురోజే చెప్పి ఉంచాను. ఒంటరిగా వెళ్ళేవాళ్ళు ఈ పని చేసి తీరాలి. పక్కన మనిషి లేనప్పుడు మన కోసం ఎదురుచూసేవాళ్ళు ఒక్కరైనా కింద ఉండాలి.

గుడిదాకా రాళ్ళు పరిచిన బాట ఉంది. చీకట్లో భయపెట్టింది మంచు కాదు, ఆ రాళ్ళే. పగలు కరిగి పారిన నీళ్ళు రాత్రికి వాటి మీద అద్దంలా గడ్డకట్టాయి. లైటు పడితే గానీ కనబడవు. బూట్లకు మైక్రోస్పైక్స్, అంటే మంచు మీద జారకుండా పట్టిచ్చే ఇనుప ముళ్ళు, తగిలించుకుని, బాట అంచున గడ్డి ఉన్న చోట చూసుకుని అడుగు వేశాను. తెల్లవారే వేళకు చౌఖంభా శిఖరం కొసన గులాబీ రంగు పడింది. 7,138 మీటర్ల ఎత్తు దానిది. కింద లోయలన్నీ ఇంకా చీకట్లోనే ఉన్నాయి.

పంచకేదారాలనే అయిదు శివాలయాల్లో తుంగనాథ్ ఒకటి. శివుడి బాహువులు ఇక్కడ వెలిశాయని నమ్మకం. చలికాలంలో గుడి మూసేసి ఉత్సవమూర్తిని కింద మక్కూమఠ్‌కు తీసుకెళ్తారు. నేను వెళ్ళేసరికి తలుపులు ఇంకా తెరవలేదు. గడప బయటే దండం పెట్టుకున్నాను. పూజారి, గంట, వరుస ఏవీ లేవు. ఆ నిమిషంలో నాకు కలిగిన నిండుదనం మరే గుడిలోనూ కలగలేదు.

అక్కడి నుంచి అసలు ఎక్కుడు. బాట మంచు కింద ఎక్కడుందో తెలియదు. పాత అడుగుజాడలు గట్టిపడి మెట్లలా ఉన్నాయి, వాటిలోనే కాలు పెట్టాను. ఒక చోట వాలుకు అడ్డంగా దాటాలి. కర్ర గుచ్చి చూసి, అది నిలబడ్డాకే అడుగు తీశాను. టెన్షన్ లేదని చెప్పలేను. మంచు మెత్తగా తగిలితే అక్కడి నుంచే వెనుదిరగాలని ముందే అనుకున్నాను కాబట్టి ఆలోచన మాత్రం చెదరలేదు.

పైన చిన్న గుడి, పేర్చిన రాళ్ళు, గాలి. రావణ సంహారం తర్వాత రాముడు ఇక్కడ తపస్సు చేశాడని స్థానికుల మాట. తూర్పున నందాదేవి, త్రిశూల్, వాయవ్యంలో కేదార్‌నాథ్ శిఖరం. ఒక్కో కొండనూ పేరు పెట్టి పిలుచుకుంటూ తిరిగాను. చేతులు కొంకర్లు పోతున్నా దిగబుద్ధి కాలేదు. తొమ్మిదికల్లా దిగడం మొదలుపెట్టాను.

వసంతం కనబడింది దిగేటప్పుడే. గుడి దాటాక బుగ్యాల్‌లో, అంటే కొండ మీది పచ్చికబయల్లో, గడ్డి ఇంకా ఎండిపోయి గోధుమరంగులోనే ఉంది. మంచు కరుగుతున్న అంచు దగ్గర కూర్చుని చూస్తే తడిమట్టిలోంచి ప్రిములా మొక్కలు తలెత్తుతున్నాయి. ముడతలు పడ్డ ఆకుల మధ్య పొట్టి కాడ, దాని కొసన బంతిలా గుత్తి కట్టిన ఊదా పూలు. వాటికి జానెడు దూరంలోనే మంచు. ఇంకా దిగితే బురాంశ్ (రోడోడెండ్రాన్) చెట్లకు మొగ్గలు. ఇంకొంచెం దిగితే విచ్చిన ఎర్రటి పూలు, చోప్తా దగ్గరికొచ్చేసరికి బాటంతా రాలిన రేకులు. అర పూట నడకలో రుతువు మారిపోయింది. ఒక్కో పూవు దగ్గరా ఆగాను.

పదకొండింటికి కుర్రాళ్ళ గుంపు ఒకటి మామూలు స్పోర్ట్స్ షూలతో ఎదురొచ్చింది. పైన మంచు మెత్తబడి ఉంటుందని, అడ్డంగా దాటే వాలు సంగతి చెప్పాను. కాసేపు తమలో తాము మాట్లాడుకుని, గుడిదాకా వెళ్ళి వచ్చేస్తామన్నారు.