చంటిబిడ్డ తండ్రికి చెక్‌పాయింట్లు

మొదటి వారాల్లో బిడ్డకి రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. అంటే రెండు గంటలు వరసగా ఏ పనికీ దొరకవు. తల్లి పాలిస్తున్నా తేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం తండ్రి చెయ్యొచ్చు, చెయ్యాలి కూడా. పేపర్ గడువు సాకు కాదు.

కాబట్టి ల్యాప్‌టాప్ మూసినా మోడల్ ట్రైనింగ్ పని నడుస్తూ ఉండాలి. సర్వర్‌లో టీమక్స్ (tmux: కనెక్షన్ తెగినా టెర్మినల్‌ని నడుపుతూ ఉంచే ప్రోగ్రామ్) తెరిచి అందులోనే మొదలుపెట్టండి; కంట్రోల్-బి నొక్కి వదిలి, డి కొడితే బయటికొచ్చేయొచ్చు. స్లర్మ్ (Slurm: ఉమ్మడి కంప్యూటర్లలో జాబ్‌లకి వంతులు పంచే ప్రోగ్రామ్) ఉన్న క్లస్టర్‌లో సిగ్నల్ ఆప్షన్‌కి ‘బి:యూఎస్ఆర్1@300’ (B:USR1@300) ఇస్తే, జాబ్ గడువుకి సుమారు 300 సెకన్ల ముందు స్క్రిప్టుకి కబురందుతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే: స్క్రిప్టులో ప్రోగ్రామ్‌ని మామూలుగా నడిపితే అది ముగిసేదాకా బాష్ (స్క్రిప్టుని నడిపే షెల్) ట్రాప్‌ని, అంటే సిగ్నల్ వస్తే చెయ్యమని మనం రాసిపెట్టిన పనిని, పట్టించుకోదు. ఆ లైను చివర ఆంపర్‌సాండ్ (&) పెట్టి, కింద వెయిట్ (wait) రాయాలి. ట్రాప్ ఆ సిగ్నల్‌ని ప్రోగ్రామ్‌కి చేరవెయ్యాలి; అది అందగానే ప్రోగ్రామ్ చెక్‌పాయింట్, అంటే ఆగినచోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టడానికి కావలసిన ఫైలు, రాసుకోవాలి.

చెక్‌పాయింట్‌ని పాత ఫైలు మీదే రాయొద్దు. మధ్యలో జాబ్ పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చండి. మోడల్ వెయిట్లతో (అది నేర్చుకున్న సంఖ్యలతో) పాటు ఆప్టిమైజర్ (ఆ సంఖ్యల్ని సవరించే భాగం) స్థితి, స్టెప్ నంబరు కూడా దాచాలి.

ఒళ్ళో బిడ్డతో ఒంటిచేత్తో లాగ్ చదవచ్చు. ఫైళ్ళు తుడిచే పని మాత్రం అప్పుడు పెట్టుకోకండి.